సరుకులన్నీ యాప్‌లో తెప్పించుకోవడం దండగేనా? కొట్టు నడిపి, డార్క్ స్టోర్‌లో పనిచేసిన అనుభవంతో జవాబు

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నిజాంపేటలో కాపురం, ఇద్దరూ ఉద్యోగాలు, ఇద్దరు పిల్లలు, ఇంట్లో అత్తయ్యగారు. ఏడాదిన్నరగా ఉప్పు దగ్గర్నుంచి కొత్తిమీర కట్ట దాకా అన్నీ యాప్‌లోనే తెప్పిస్తున్నారు, ఖర్చు పెరిగిందేమోనని మీకు అనుమానం, బెల్ మోగినప్పుడల్లా అత్తయ్యగారు "దండగ ఖర్చు" అంటున్నారు. మొత్తం మానేయాలా, మానేస్తే సరుకులు తెచ్చుకోవడానికి టైం ఎక్కడిది, మెంబర్‌షిప్ తీసుకుంటే కలిసొస్తుందా అని అడిగారు.

మొత్తం మానేయక్కర్లేదు. కొన్ని మాత్రం ఈ వారమే మానేయండి. ఏవి, ఎందుకు అనేది వివరంగా రాస్తాను, కాస్త పొడుగవుతుంది.

నేను మూసాపేట దగ్గర పదిహేడేళ్లు కిరాణా కొట్టు నడిపాను. 2004లో పెట్టాను, 2021లో మూసేశాను. తర్వాత రెండేళ్లు ఒక క్విక్ డెలివరీ కంపెనీ డార్క్ స్టోర్‌లో స్టాక్ చూసుకునే పని చేశాను. డార్క్ స్టోర్ అంటే కొనేవాళ్లు లోపలికి రాని షాపు, చిన్న గోదాము లాంటిది, ఫోన్‌లో ఆర్డర్ పడగానే లోపల కుర్రాళ్లు ర్యాకుల మధ్య పరిగెత్తి సంచిలో వేసి బయట బండి అబ్బాయికి ఇస్తారు. ఇప్పుడు మా అన్నయ్య కొడుకు సూపర్‌మార్కెట్‌లో కొనుగోళ్లు చూస్తున్నాను. గల్లాపెట్టె దగ్గరా కూర్చున్నాను, ఆర్డర్ సంచి కట్టే చోటా నిలబడ్డాను కాబట్టి రెండు వైపులా ఏం జరుగుతుందో చూసినంత మేరకు చెబుతాను.

ఇంటికి సరుకులు రావడం మనకు కొత్తేం కాదు. మా కొట్టుకు నెల మొదటి వారంలో చిట్టీలు వచ్చేవి. ఇంటావిడ వంటింట్లో డబ్బాలన్నీ మూత తీసి చూసి, ఏది ఎంత మిగిలిందో లెక్కేసుకుని, నోటుబుక్కు కాగితం మీద కందిపప్పు 3 కిలోలు, మినపగుళ్లు 2 కిలోలు, చింతపండు అర కిలో అని రాసి పంపేది. మా కుర్రాడు మధ్యాహ్నం సైకిల్ మీద వేసుకెళ్లి ఇచ్చేవాడు, తర్వాత టీవీఎస్ కొన్నాం. డబ్బులు జీతం పడ్డాక. ఆ చిట్టీ చూస్తే ఆ ఇంటి సంగతి తెలిసేది. శనగపిండి, నూనె పెరిగితే చుట్టాలొస్తున్నారని, ఓట్స్, రాగిపిండి కొత్తగా చేరితే ఎవరికో షుగర్ వచ్చిందని, చిట్టీ సగానికి సగం తగ్గితే ఇంట్లో ఏదో ఇబ్బంది వచ్చిందని. అలాంటి ఇళ్లకు మేం పద్దు గురించి రెండు నెలలు నోరెత్తేవాళ్లం కాదు.

యాప్‌లు మొదలైనప్పుడు కూడా పద్ధతి దాదాపు ఇదే. బిగ్‌బాస్కెట్ 2011లో బెంగళూరులో మొదలైంది, తర్వాత హైదరాబాద్‌కూ వచ్చింది. రేపు ఉదయం ఏడు నుంచి తొమ్మిది మధ్య కావాలి అని స్లాట్ పెట్టుకుని, నాలుగైదు సంచుల సరుకు ఒకేసారి తెప్పించుకునేవాళ్లు. జనం ఇంట్లో కూర్చుని లిస్టు రాసుకునేవాళ్లే, రాసే చోటు మారింది, అంతే. అసలు మార్పు 2020 తర్వాత వచ్చింది. ఇన్‌స్టామార్ట్ 2020లో, జెప్టో 2021లో మొదలయ్యాయి, గ్రోఫర్స్ అదే 2021 చివర్లో పేరు మార్చుకుని బ్లింకిట్ అయింది. పది, పదిహేను నిమిషాల్లో సరుకు తలుపు దగ్గరికి రావడం మొదలయ్యాక చిట్టీ రాయాల్సిన అవసరం పోయింది. పోపు పెడుతుంటే ఆవాలు అయిపోయాయి, ఆర్డర్. సాయంత్రం పిల్లాడికి స్కెచ్ పెన్నులు, ఆర్డర్. రాత్రి పెరుగు, ఆర్డర్.

మీ ఖర్చు పెరిగిందంటే అక్కడే పెరిగి ఉంటుంది. సరుకు ధరలో పెద్ద తేడా ఉండదు, ఆర్డర్ల సంఖ్యలో ఉంటుంది. ఇప్పుడే ఫోన్ తీసి పోయిన నెల ఆర్డర్లు లెక్కపెట్టండి. రెండు మూడు యాప్‌లు ఉంటే అన్నీ కలపండి, మీవారి ఫోన్‌లోవి కూడా. చాలామంది పది, పన్నెండు ఉంటాయనుకుంటారు, లెక్కపెడితే ముప్పై దాటతాయి. ఉదాహరణకు 30 అనుకుందాం. డెలివరీ చార్జీ, హ్యాండ్లింగ్ చార్జీ, బిల్లు చిన్నదైతే స్మాల్ కార్ట్ చార్జీ, వాన పడితే ఇంకోటి, వీటి మీద 18 శాతం జీఎస్టీ, అన్నీ కలిపి ఒక్కో ఆర్డర్‌కు సగటున 22 రూపాయలు పడిందనుకుంటే నెలకు 660 అవుతుంది. ఇది పైకి కనిపించే లెక్క. కనిపించనిది ఇంకోటి ఉంది. 199 దాటితే డెలివరీ ఫ్రీ అని చూపిస్తుంది, మీ బిల్లు 140 దగ్గర ఆగింది, ఆ అరవై కోసం ఒక చిప్స్ ప్యాకెట్, ఒక జ్యూస్ వేస్తారు. ముప్పై సార్లు అరవై అంటే 1800. అవసరం లేకుండా కొన్న సరుకు అది. రెండూ కలిపితే నెలకు 2460, అంటే ఇద్దరు పిల్లలున్న ఇంటికి పాల ఖర్చులో మంచి భాగం.

ఈ ఎత్తు యాప్‌లవాళ్లు కనిపెట్టింది కాదు. గల్లా ముందు చాక్లెట్ సీసాలు మేమూ అందుకే పెట్టేవాళ్లం. కాకపోతే మా కొట్టుకు మనిషి నెలకు నాలుగుసార్లు వస్తే ఎక్కువ, ఫోన్ చేతిలో రోజంతా ఉంటుంది. ఇంకో మాట, డబ్బు కట్టేముందు బిల్లు పూర్తిగా కిందికి జరిపి చూడండి. మీరు అడక్కుండా టిప్పో, విరాళమో ముందే టిక్ పెట్టి ఉంటే తీసేయండి. అలా చెప్పకుండా బుట్టలో చేర్చడాన్ని 2023 నవంబర్‌లో కేంద్రం ఇచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (ఆన్‌లైన్‌లో కొనేవాళ్లను తప్పుదారి పట్టించే ఎత్తులు) మార్గదర్శకాల్లో తప్పుగా చెప్పారు. టిప్ ఇవ్వాలనుకుంటే మీరే అనుకుని ఇవ్వండి.

ధరల గురించి కూడా ఒకటి తెలుసుకోవాలి. ఒకప్పుడు నూనె, గోధుమపిండి, టీ పొడి లాంటివి ఇన్ని గ్రాముల ప్యాకెట్లలోనే అమ్మాలని రూలు ఉండేది. అది తీసేసి, దాని బదులు గ్రాముకో కిలోకో ఎంత పడుతుందో ప్యాకెట్ మీద ముద్రించమన్నారు. అందుకే ఇప్పుడు చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు నూనె ప్యాకెట్లలో ఒకదానిలో లీటరు, అంటే సుమారు 910 గ్రాములు ఉంటుంది, పక్కదానిలో 800 గ్రాములో 850 గ్రాములో ఉంటుంది. ఫోన్‌లో బొమ్మ రెండింటికీ ఒకే సైజు. కొట్టులో అయితే చేత్తో పట్టుకుంటే బరువు తేడా తెలుస్తుంది, ఫోన్‌లో తెలియదు. కాబట్టి ఆఫర్ శాతం వదిలేసి నికర బరువు చదవండి, తర్వాత కిలోకు ఎంత పడిందో చూడండి. ఈ ఒక్క అలవాటుకే మీ నెల బిల్లు తగ్గుతుంది.

ఇక ఏవి యాప్‌లో తెప్పించుకోవచ్చు అంటే, ప్యాకెట్ ఎక్కడ కొన్నా లోపలిది మారని సరుకంతా. సబ్బులు, సర్ఫ్, ఫినాయిల్, ఉప్పు, పంచదార, టీ పొడి, బ్రాండెడ్ నూనె, గోధుమపిండి, బిస్కెట్లు, డైపర్లు, శానిటరీ ప్యాడ్లు. వీటికోసం ఆదివారం ట్రాఫిక్‌లో పడి, పార్కింగ్ వెతుక్కుని, బిల్లింగ్ లైన్‌లో నిలబడటంలో ఏ లాభమూ లేదు. పెట్రోలు, అక్కడ పిల్లలు అడిగేవి కలిపితే పోయి తెచ్చుకోవడం కూడా ఊరికే అయ్యేది కాదు. బరువు సంగతి కూడా ఉంది. లిఫ్టు లేని ఇంట్లో మూడో అంతస్తుకు పది కిలోల పిండి, ఐదు లీటర్ల నూనె మోయాల్సింది ఎవరు? ఎక్కువ ఇళ్లలో ఆడవాళ్లే. నడుము నొప్పులతో మా కొట్టుకు వచ్చి రెండు చేతులా సంచులు మోసుకెళ్లినవాళ్లను చూశాను కాబట్టి ఈ సౌకర్యాన్ని తక్కువ చేసి మాట్లాడను. అర్ధరాత్రి పిల్లకు విరేచనాలైతే ఓఆర్ఎస్ ప్యాకెట్ ఇంటికి రావడం ఎంత ఆసరానో పిల్లలున్న మీకు చెప్పక్కర్లేదు.

డార్క్ స్టోర్‌లో పనిచేసేటప్పుడు ఇంకో రకం ఆర్డర్లు గమనించాను. డబ్బు కట్టేది అమెరికాలో ఉన్న కొడుకో కూతురో, సరుకు చేరేది ఇక్కడ ఒంటరిగా ఉన్న అమ్మానాన్నలకు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో కూర్చుని కూకట్‌పల్లిలో ఉన్న తల్లికి పాలు, పండ్లు పంపగలగడం చిన్న విషయం కాదు, మోకాళ్లు అరిగి మెట్లు దిగలేని మనిషికి అది దేవుడిచ్చిన సాయమే. కాకపోతే ఆ పిల్లలకు ఒక మాట చెబుతాను: ఆర్డర్ పెట్టేముందు ఫోన్ చేసి ఏం కావాలో అడగండి. ఒక ఇంటికి ప్రతి వారం రెండు కిలోల యాపిల్స్ వెళ్లేవి. ఒకసారి మా బండి అబ్బాయితో ఆ పెద్దావిడ "బాబూ, పోయినవారం పళ్లే ఇంకా ఉన్నాయి, నువ్వు పట్టుకెళ్లు" అని పంపేసింది. ఆమెకు కావాల్సింది మెత్తగా ఉండే అరటిపండ్లట.

ఇప్పుడు మానేయాల్సినవి. మొదట ఆకుకూరలు, కూరగాయలు.

డార్క్ స్టోర్‌కు కూరగాయలు తెల్లవారుజామున లారీలో క్రేట్లలో వస్తాయి. చాలావరకు వేరే చోట ఏరి, తూచి, కవర్లో పెట్టి లేబుల్ అంటించి పంపుతారు. ఇక్కడ వాటిని వరసగా గళ్లలో సర్దుతాం. ఆర్డర్ పడగానే సంచి కట్టే కుర్రాడి చేతిలో స్కానర్ ఫలానా గడి అని చూపిస్తుంది, అతను పోయి పైన ఉన్న కవర్ తీసుకుంటాడు. ఒక్కో వస్తువుకు అతనికి దొరికేది కొన్ని సెకన్లే, ఆలస్యమైతే అతని పేరు మీదే పడుతుంది. పందొమ్మిది, ఇరవై ఏళ్ల పిల్లలు, చాలామంది వంట చేసి ఎరగరు. బెండకాయ ముదురా లేతా అని వాళ్లు చూడాలని ఎవరూ చెప్పరు, చూసే టైమూ ఇవ్వరు. ఆ పిల్లల తప్పేం లేదు, పని పద్ధతే అలా పెట్టారు. పొద్దున ఏడింటికి బాగున్న పాలకూర సాయంత్రానికి కవర్లో చెమ్మ పట్టి అడుగు ఆకులు నల్లబడతాయి, పైనుంచి చూస్తే పచ్చగానే ఉంటుంది. అందుకే యాప్‌లో ఆకుకూర తెప్పించక తప్పని రోజుంటే పొద్దున్నే పెట్టండి, సాయంత్రం పూట వద్దు.

కూరగాయ చేతికి తెలియాలి. బెండకాయ కొన విరిస్తే టక్కున విరగాలి, వంగిందంటే ముదిరినట్టు. సొరకాయకు గోరు దిగాలి. వంకాయ తొడిమ పచ్చగా ఉండి, కాయ దాని సైజుకు తేలిగ్గా ఉంటే గింజ తక్కువ. కొబ్బరికాయ చెవి దగ్గర పెట్టుకుని ఊపాలి. ఇవన్నీ మీ అత్తయ్యగారికి మీకంటే, నాకంటే బాగా తెలిసుంటాయి. కూకట్‌పల్లి రైతుబజారు మీకు పెద్ద దూరం కాదు. రైతుబజార్లు 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దళారీ లేకుండా రైతే అమ్ముకోవాలని పెట్టినవి, ఏ రోజు ధర ఆ రోజు బోర్డు మీద రాస్తారు కాబట్టి బేరమాడటం రానివాళ్లకూ ఇబ్బంది లేదు. వారానికి ఒక్కసారి వెళ్తే చాలు. అరటికాయ, దుంపలు, సొరకాయ, క్యారెట్, దొండకాయ వారమంతా నిలబడతాయి, ఆకుకూరలు మొదటి రెండు రోజులు వండేయండి. మధ్యలో కావాలంటే వీధిలోకి వచ్చే బండి ఉండనే ఉంది. అర కిలో టమాటాలు కొంటే బండమ్మ నాలుగు కరివేపాకు రెబ్బలు, గుప్పెడు పచ్చిమిర్చి కొసరు వేస్తుంది. యాప్‌లో ఆ కరివేపాకుకు కూడా ధర ఉంటుంది, దానికో ప్లాస్టిక్ కవరూ ఉంటుంది.

రెండోది బియ్యం. ఇది చాలామంది చేసే తప్పు. బస్తా మీద సోనా మసూరి అని రాసి ఉంటుంది, బొమ్మలో మల్లెపూవు లాంటి అన్నం ఉంటుంది, పాతవో కొత్తవో మాత్రం తెలియదు. బాపట్ల బీపీటీ 5204 రకమైనా ఇంకోటైనా కొత్త బియ్యమైతే ముద్దగా అవుతుంది, పిల్లలు తినరు, ఇరవై ఆరు కిలోలు ఏం చేసుకుంటారు? దగ్గర్లో బియ్యం కొట్టు చూసుకుని, ముందు కిలో తెచ్చి వండి చూడండి, నచ్చితే అదే లాట్‌లో బస్తా చెప్పండి, వాళ్లే ఇంట్లో దింపి వెళ్తారు, బాగోలేకపోతే మార్చిస్తారు. బస్తా ఇరవై ఐదు కాకుండా ఇరవై ఆరు కిలోలు ఎందుకు ఉంటుందో చాలామందికి తెలియదు. 2022 జూలై 18 నుంచి 25 కిలోల దాకా ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ వచ్చింది, దాన్ని తప్పించడానికి మిల్లర్లు ఒక కిలో పెంచారు. యాప్‌లో ఐదేసి, పదేసి కిలోల ప్యాకెట్లు నెలనెలా కొంటుంటే ఆ పన్ను మీరు కడుతూనే ఉన్నారు.

మూడోది పప్పులు, ఎండుమిర్చి, చింతపండు. ఇవి తెలిసిన కిరాణాలో తీసుకోండి. నేను కొట్టువాణ్ణి కాబట్టి అలా అంటున్నానని అనుకోవద్దు. కందిపప్పు పాలిష్ పెట్టిందా లేదా, ఉడుకుతుందా లేదా అన్నది లాట్‌ను బట్టి ఉంటుంది, ప్యాకెట్ పేరును బట్టి ఉండదు. పోయినసారి పప్పు ఉడకలేదని మీరు కొట్టువాడితో అంటే వాడు ఈసారి వేరే లాట్ ఇస్తాడు, ఎందుకంటే మళ్లీ మీ ముఖం చూడాలి. యాప్‌లో మీరు ఒక నక్షత్రం ఇవ్వగలరు, డబ్బు వెనక్కి రావచ్చు, పప్పు మాత్రం మారదు. ఇక ఆవకాయ రోజుల్లో మామిడికాయలు, కారం ఎట్టి పరిస్థితుల్లోనూ చూడకుండా కొనొద్దు. కాయలో టెంక గట్టిపడిందో లేదో కొట్టి చూడాలి. లేదంటే ఏడాది పచ్చడి పాడవుతుంది.

తారీఖుల సంగతి కూడా చెప్పాలి, ఇది నేను రెండేళ్లు చేసిన పని. గోదాములో ముందు గడువు తీరేది ముందు పంపాలన్నది నియమం, అది మంచి నియమమే, సరుకు వృథా కాదు. దాంతో గడువు దగ్గరపడ్డ ప్యాకెట్ మీ వాటాకు వస్తుంది, షాపులో అయితే మీరే వెనక వరసలోంచి కొత్తది లాగి తీసుకునేవాళ్లు. 2024 నవంబర్‌లో ఫుడ్ సేఫ్టీ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆన్‌లైన్ కంపెనీలకు ఒక మాట చెప్పింది: ఇంటికి చేరే సమయానికి ఆహార వస్తువు ఆయుష్షులో కనీసం 30 శాతమైనా, లేదా గడువుకు ముందు 45 రోజులైనా మిగిలి ఉండాలి. మూడు నెలలు నిలిచే పిండి ప్యాకెట్ అయితే ఇరవై ఏడు రోజులన్నమాట. ఇది గుర్తుపెట్టుకుని సంచి అందుకోగానే పాలు, పనీర్, బ్రెడ్, పిండి, పిల్లల సెరియల్ తారీఖులు చూడండి. తేడా ఉంటే అప్పుడే ప్యాకెట్, తారీఖు, బిల్లు కనిపించేలా ఫొటో తీసి యాప్‌లో పెట్టండి. తాజా సరుకుకు ఫిర్యాదు గడువు చాలా తక్కువ, రేపు చూద్దాంలే అనుకుంటే పోయినట్టే. వాళ్లు పట్టించుకోకపోతే 1915కు ఫోన్ చేయండి, అది కేంద్ర ప్రభుత్వ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు.

శుభ్రత గురించి మీరు అడగలేదు కానీ చెబుతున్నాను. షాపులో నేల, ర్యాకులు మీ కళ్లెదుటే ఉంటాయి, డార్క్ స్టోర్ ఎవరికీ కనపడదు. 2024 జూన్‌లో తెలంగాణ ఫుడ్ సేఫ్టీ అధికారులు మేడ్చల్ జిల్లా దేవర యాంజాల్‌లో ఒక క్విక్ డెలివరీ గోదామును తనిఖీ చేస్తే దుమ్ము పట్టిన ర్యాకులు, టోపీలు, గ్లౌజులు లేకుండా పనిచేసేవాళ్లు, పురుగు పట్టినట్టు అనుమానమున్న రాగిపిండి, కందిపప్పు బయటపడ్డాయి. అన్నీ అలాగే ఉంటాయని చెప్పను, నేను పనిచేసిన చోట రోజుకు రెండుసార్లు తుడిపించేవాళ్లం. విడి పప్పు, రవ్వ, పిండి యాప్‌లో కొంటే మాత్రం డబ్బాలో పోసేముందు పళ్లెంలో పోసి చూసుకోండి.

బండి అబ్బాయిల గురించి ఒక్క పేరా రాయనివ్వండి. వాళ్లను నేను రోజూ చూశాను. వర్షంలో మాదాపూర్ వైపు నీళ్లు నిలిచిన రోడ్డు మీద ఒక అబ్బాయి పడిపోయి మోచేయి విరిగింది, సంచిలో ఉన్నది ఒక ఐస్‌క్రీమ్ డబ్బా, ఒక కూల్‌డ్రింక్. 2023 డిసెంబర్‌లో తెలంగాణ ప్రభుత్వం గిగ్ వర్కర్లకు, అంటే ఇలా యాప్‌ల కింద పనిచేసేవాళ్లకు, ఐదు లక్షల ప్రమాద బీమా ప్రకటించింది, అది మంచి పనే, కానీ బీమా దాకా రాకుండా చూడటం మన చేతుల్లో కొంత ఉంది. కుండపోత వానలో ఆగగలిగినవి ఆపండి. "ఎంతసేపు బాబూ" అని దారిలో ఫోన్ చేయొద్దు, బండి నడుపుతూ ఎత్తుతారు. మీ అపార్ట్‌మెంట్‌లో డెలివరీవాళ్లు లిఫ్టు ఎక్కకూడదని బోర్డు ఉంటే అసోసియేషన్ మీటింగ్‌లో అడిగి తీయించండి. వేసవిలో చల్లటి నీళ్లు ఇవ్వండి. అడగడానికి మొహమాటపడతారు.

మా కొట్టు ఎందుకు మూతపడిందని ఇదివరకు ఇంకెవరో అడిగారు. యాప్‌ల వల్లే అని నేను అనను. అద్దె పెరిగింది, సందు చివర పెద్ద సూపర్‌మార్కెట్ వచ్చింది, మా అబ్బాయికి ఇష్టం లేదు. కానీ 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు యాప్‌లలో రోజుల తరబడి స్లాట్ దొరకలేదు, అప్పుడు కాలనీ మొత్తం మళ్లీ మా కొట్టు ముందు సున్నంతో గీసిన గుండ్రాల్లో నిలబడింది. తెల్లవారక ముందే పాస్ చేత్తో పట్టుకుని పప్పులు, నూనె తెచ్చి, ఇంటికి రెండు కిలోలకు మించి ఇవ్వకుండా అందరికీ సర్దాను. పద్దు రాసుకున్నవాళ్లలో ఒక్కరు కూడా ఎగ్గొట్టలేదు. ఏడాది తిరిగేసరికి వాళ్లలో సగం మంది మళ్లీ ఫోన్‌కు వెళ్లిపోయారు, వాళ్ల ఇబ్బందులు వాళ్లవి, నాకు కోపం లేదు. బాధ ఉంది. అందుకే చెబుతున్నాను, నెలకు కనీసం పప్పుల చిట్టీ అయినా దగ్గరున్న కొట్టుకు ఇవ్వండి. ఇప్పుడు దాదాపు అందరూ వాట్సాప్‌లో లిస్టు తీసుకుని ఉచితంగా ఇంటికి పంపుతున్నారు.

మీ అత్తయ్యగారి విషయానికి వస్తాను. ఆమె "దండగ" అన్నది డబ్బు గురించి అయితే పైన చెప్పిన లెక్క ప్రకారం ఆమె మాటలో నిజముంది. కానీ మా కొట్టుకు వచ్చిన పెద్దవాళ్లను చూసిన అనుభవంతో ఇంకోటి అనిపిస్తోంది. నలభై ఏళ్లు ఇంటికి ఏం కావాలో చూసుకున్న మనిషి, ఏ నెలకు ఎంత పప్పు పడుతుందో నోటిలెక్కగా తెలిసిన మనిషి, ఇప్పుడు తలుపు తీసి సంచి అందుకోవడం తప్ప చేసేదేమీ లేకుండా కూర్చుంటున్నారు. ఆ సంచిలో ఏముందో కూడా ఆమెకు ముందు తెలియదు. నెల లిస్టు ఆమెతో రాయించండి. ఆదివారం పొద్దున రైతుబజారుకు ఆమెను తీసుకెళ్లి, ఏరే పని ఆమెకే వదిలేయండి, సంచులు మీవారు మోస్తారు. పిల్లల్లో ఒకరిని వెంట పంపితే బెండకాయ ఎలా విరవాలో వాళ్లకూ తెలుస్తుంది.

పద్ధతిగా చెప్పాలంటే, నెల ఒకటో తారీఖు లోపల అత్తయ్యగారు డబ్బాలు చూసి చిట్టీ రాస్తారు. పప్పులు, బియ్యం, చింతపండు, మిర్చి కొట్టుకు. సబ్బులు, నూనె, పిండి లాంటివి యాప్‌లో స్లాట్ పెట్టి ఒకేసారి, వీలైతే నెలకు రెండే ఆర్డర్లు. కూరగాయలు వారానికోసారి. ఫ్రిజ్ మీద ఒక కాగితం అతికించి, ఏదైనా అయిపోవస్తే అయిపోకముందే అక్కడ రాయమనండి, పది నిమిషాల ఆర్డర్లు సగం అక్కడే ఆగిపోతాయి. మందులు, చంటిపిల్లల అవసరం, అకస్మాత్తుగా వచ్చిన చుట్టాలు, వీటికి పది నిమిషాల యాప్ వాడుకోండి, ఏమాత్రం ఆలోచించొద్దు. మిగతా వాటికి ఆ యాప్ నోటిఫికేషన్లు ఆపేయండి.

ఇక మెంబర్‌షిప్. ఇప్పుడు తీసుకోవద్దు. ఫ్రీ డెలివరీ ఉందంటే చేయి ఆగదు, ఆర్డర్లు ఇంకా పెరుగుతాయి, పైగా కొన్నింటిలో మెంబర్లకు కూడా హ్యాండ్లింగ్ చార్జీ పడుతూనే ఉంటుంది. రెండు నెలలు పైన చెప్పినట్టు చేసి చూడండి. అప్పటికీ నెలకు పది పన్నెండు ఆర్డర్లు నిజంగా తప్పడం లేదంటే, ఆ రెండు నెలల్లో కట్టిన డెలివరీ చార్జీలు ఒక కాగితం మీద కూడండి. మెంబర్‌షిప్ ఫీజు అంతకన్నా తక్కువుంటే మూడు నెలలకు మాత్రమే తీసుకోండి, ఆటో రెన్యువల్ ఆపేయడం మర్చిపోవద్దు. లెక్క ఎంత వచ్చిందో వీలుంటే ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.